చార్మినార్ రూపాయిని దాచుకోవడం పరిగ్రహమేనా?

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో పాత ఇళ్లవాళ్లు దీపావళి నాటి లక్ష్మీపూజ పళ్లెంలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి పెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఆ రూపాయి ఇప్పుడు ఏ అంగట్లోనూ చెల్లదు. హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కాకు చలామణి హక్కు 1959తో పూర్తిగా పోయింది. అయినా దాన్ని తరాలుగా దాచుకుంటున్న ఇళ్లున్నాయి. అలాంటి నాణేల కోసమే ఊరూరా తిరిగి, బేరమాడి, కొని, పెట్టెల్లో వరుసగా పేర్చుకునే సేకర్తలూ ఉన్నారు. ఇక్కడొక ధర్మసందేహం పుడుతుంది. అవసరానికి మించి కూడబెట్టడం పరిగ్రహమని, అది బంధమని మన నేల మీద పుట్టిన మతాలన్నీ చెప్పాయి. తిండికీ బట్టకూ దాచుకునే ధనానికైనా అవసరం అనే సాకు ఉంటుంది. చెల్లని డబ్బును దాచేవాడికి ఆ సాకు కూడా లేదు. అంటే నాణేల సేకరణ పరిగ్రహంలోకెల్లా మొండి రకమా? కాదని నా వాదన. అయితే ఆ మాట షరతుల మీద మాత్రమే నిలుస్తుంది. నాణేన్ని చదవగలిగి, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచి, తర్వాతివారికి అప్పగించే బాధ్యత తలకెత్తుకున్నవాడు దానికి కాపరి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క నాణెమైనా సరే, అది పరిగ్రహమే.

ఈ ప్రశ్న అడగడానికి బోధన్‌కంటే తగిన ఊరు అరుదు. జైన పురాణాలు బాహుబలి రాజధానిగా చెప్పే పోదనపురం ఈ బోధనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. వేములవాడ చాళుక్యులు తొలుత ఇక్కడి నుంచే ఏలారు. వారి ఆస్థానకవి పంపడు 941లో రాసిన ఆదిపురాణంలో బాహుబలి కథ ఉంది. బాహుబలి అన్న భరతుణ్ణి ద్వంద్వయుద్ధంలో గెలిచి కూడా రాజ్యాన్ని వదిలేశాడు. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఏడాది పాటు నిలబడి తపస్సు చేశాడు. కాళ్లకు తీగలు అల్లుకున్నాయి గానీ కేవలజ్ఞానం, అంటే సంపూర్ణ జ్ఞానం, అందలేదు. తాను నిలబడ్డ నేల అన్న సొత్తే కదా అనే చిన్న ముల్లు మనసులో మిగిలిపోయిందని, అది తొలగాకే జ్ఞానం కలిగిందని జనంలో నిలిచిన కథనం. మరోవైపు భరతుడు భూమండలాన్నీ నిధులనూ ఏలుతూనే లోపల అంటకుండా ఉన్నాడని, సన్యసించిన కొద్దిసేపటికే జ్ఞానం పొందాడని అదే సంప్రదాయం చెబుతుంది. చేతిలో ఏమీ లేనివాడు కట్టుబడి ఉన్నాడు, అన్నీ ఉన్నవాడు విడుదలకు దగ్గరగా ఉన్నాడు. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో ఇచ్చిన నిర్వచనం కూడా ఈ దారిలోనే నడుస్తుంది. పరిగ్రహాన్ని కొలవాల్సింది వస్తువులను లెక్కపెట్టి కాదు, వాటి మీది మోహాన్ని చూసి.

బౌద్ధం నుంచి కూడా ఈ నేలకు చెందిన సాక్ష్యం ఒకటుంది. సుత్తనిపాతంలోని పారాయన వర్గం అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి అనే బ్రాహ్మణుడి కథతో మొదలవుతుంది. ఆ అస్సక దేశపు రాజధానినే బోధన్‌గా గుర్తిస్తారు. బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చేశాడు. ఆ తర్వాత వచ్చిన ఒకడు అయిదు వందల నాణేలు ఇమ్మని పట్టుబట్టి, లేవంటే నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. అన్నీ ఇచ్చేసిన బావరికి నిద్ర పట్టలేదు, తిండి సయించలేదు. చివరికి పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. ఇక్కడ తల అంటే అజ్ఞానమని, దాన్ని పగలగొట్టేది జ్ఞానమని బుద్ధుడు విప్పి చెప్పాడు. నాణేలు పోయినంత మాత్రాన బావరికి భయం పోలేదు. తెలుసుకున్నాకే పోయింది. ఈ రెండు కథలూ కలిపి చెప్పేదొక్కటే: వదిలేయడం దానంతటదే విముక్తి కాదు, ఉంచుకోవడం దానంతటదే బంధం కాదు. నడుమ ఉన్నది తెలివిడి. సేకర్తను తూచాల్సింది కూడా ఈ తక్కెడలోనే.

అయితే తెలుసుకోవలసింది ఏమిటి? నాణెంలో దాచదగ్గది ఏముంది? వెండి ఉంది కదా అంటారు ఎక్కువమంది. ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుందో లెక్క చూద్దాం. చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో 81.8 శాతం వెండి. బ్రిటిష్ ఇండియా రూపాయి, మన పెద్దలు కల్దారు అన్నది, 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అనేది మారకం. ఏడు హాలీ రూపాయల్లో ఉన్న శుద్ధ వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలో ఉన్నదీ దాదాపు అంతే. ఇంతవరకు చూస్తే విలువంతా లోహానిదే అనిపిస్తుంది. కానీ 1940లో బ్రిటిష్ రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947కు అది నికెల్ రూపాయి అయిపోయింది. 1950లో హైదరాబాద్‌లో భారత రూపాయి అడుగుపెట్టినప్పుడు కూడా లెక్క ఏడుకు ఆరే. వెండి కరిగిపోయినా నిష్పత్తి నిలబడింది. రెండు ప్రభుత్వాలు ఇచ్చిన మాటే దాన్ని నిలబెట్టింది. బోధన్ ప్రాంతపు చెరకు రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015 చివర దాని గానుగ ఆగినప్పుడు పోయినది ఇనుము కాదు. చెరకు తెస్తే కొంటామన్న మాట పోయింది, దాంతో చుట్టుపక్కల పొలాల్లో చెరకు తగ్గింది. నాణెం ఆ రకమైన మాటకు దొరికిన లోహపు సాక్షి. కాబట్టి సేకర్త నిజంగా దాచేది వెండిని కాదు, ఒక కాలంలో మనుషులు ఒకరినొకరు నమ్మిన తీరుకు ఆధారాన్ని.

ఈ సాక్ష్యం ఎంత సూటిగా పలుకుతుందో చూడాలంటే పాత ఫ్రెంచి వెండి నాణేల అంచులు చదవాలి. వెండిని ఆకురాయితో గీకి కాజేసే దొంగలకు అడ్డుకట్టగా నాణెం అంచు మీద అక్షరాలు ముద్రించేవారు. విప్లవం తర్వాత 1795 నుంచి వచ్చిన అయిదు ఫ్రాంకుల నాణెం అంచున జాతి ఇచ్చే హామీ గురించిన మాటలున్నాయి. నెపోలియన్ అధికారంలోకి వచ్చాక ఆ చోట ఫ్రాన్సును దేవుడు కాపాడాలన్న ప్రార్థన వచ్చింది. బూర్బన్ రాజులు తిరిగొచ్చాక రాజును రక్షించమని లాటిన్‌లో వేడుకోలు వచ్చింది. 1803 చట్టం ప్రకారం అయిదు ఫ్రాంకులంటే పది పాళ్లలో తొమ్మిది పాళ్లు వెండి ఉన్న 25 గ్రాముల నాణెం. ప్రభుత్వాలు మారినా ఆ బరువు మారలేదు. మారిందల్లా పూచీ ఎవరిదన్నదే: ఒకసారి ప్రజ, ఒకసారి దేవుడు, ఒకసారి రాజు. నెపోలియన్ నాణేల్లో 1808 దాకా ఒకవైపు చక్రవర్తి అని, రెండోవైపు ఫ్రెంచి గణతంత్రమని ఉంటుంది. ఒకే లోహం మీద రెండు పొసగని మాటలు. వెండిగా తూచి కొనేవాడికి ఇవన్నీ ఒకటే సరుకు. చదివేవాడికి ఒక దేశం తన నమ్మకాన్ని ఎక్కడెక్కడ వెతుక్కుందో అరచేతిలో కనబడుతుంది.

అదే ఫ్రెంచివారు మన తీరానికి వచ్చి ఏం చేశారన్నది ఇంకా విలువైన పాఠం. 1736లో ఆర్కాటు నవాబు నుంచి అనుమతి పొంది పుదుచ్చేరి టంకశాలలో రూపాయలు ముద్రించారు. వాటి మీద ఫ్రాన్సు రాజు పేరు లేదు. పర్షియన్ లిపిలో మొగల్ పాదుషా పేరు ఉంది, గుర్తుగా చిన్న నెలవంక ఉంది. కతోలిక రాజు కొలువు వాళ్లు ముస్లిం పాదుషా పేరున కొట్టిన వెండిని తమిళ, తెలుగు వర్తకులు కళ్లకద్దుకుని తీసుకున్నారు. హైదరాబాద్ నిజాములు కూడా స్వతంత్రంగా ఏలుతూనే 1857 తిరుగుబాటు దాకా మొగల్ పాదుషా పేరుతోనే నాణేలు వేశారు. ఢిల్లీలో పాదుషా పీఠం కూలాకే అసఫ్ జా బిరుదు నాణెం ఎక్కింది. దాంతోపాటు 92 అనే అంకె కూడా వచ్చింది. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టే పద్ధతిలో ముహమ్మద్ ప్రవక్త పేరుకు వచ్చే మొత్తం అది. చార్మినార్ రూపాయి మీదా ఆ అంకె ఉంది. అలాంటి రూపాయిని లక్ష్మీదేవి ముందు పెట్టడం తెలియక చేసిన పొరపాటని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ పళ్లెంలో పూజ అందుకుంటున్నది ఏ రాజు బిరుదూ కాదు, ఏ మతపు గుర్తూ కాదు. మనిషి కష్టం మరో మనిషి దగ్గర చెల్లుతుందన్న భరోసాకే అక్కడ పూజ. ఆ భరోసాను మన పెద్దలు శ్రీ అని కొలిచారు. దానికి మతాల హద్దు లేదని పుదుచ్చేరి రూపాయీ చార్మినార్ రూపాయీ కలిసే చెబుతున్నాయి.

కనుక మొదటి షరతు చదవడం. చార్మినార్ నడిమి ద్వారంలో మీమ్ అక్షరం ఉంటే అది 1911లో కన్నుమూసిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ఐన్ అక్షరం ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతోపాటు ఆ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడన్నదీ ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగకపోతే నాణెం మీద అనుమానపడాలి. బరువు కంసాలి త్రాసు చెబుతుంది. అచ్చులో పోసిన నకిలీకి అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, ఉపరితలం మీద సన్నని గుంటలు ఉంటాయి. అచ్చుతో కొట్టిన అసలుకు గీతలు పదునుగా నిలుస్తాయి. ఇదంతా బేరంలో మోసపోకుండా ఉండటానికే అనుకుంటే పొరపాటు. ఒక వస్తువును దాని ధరతో కాక దాని నిజంతో గుర్తుపట్టడం నైతికమైన పని. మోహం చూసేది తనకు కావలసినదాన్ని, జ్ఞానం చూసేది ఎదుట ఉన్నదాన్ని. తన నాణెం నకిలీ అని తేలినా ఆ సంగతి ఒప్పుకునే సేకర్తకూ, ఒప్పుకోలేక మరొకరికి అంటగట్టేవాడికీ మధ్య తేడా ఇదే.

రెండో షరతు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం. నల్లబడ్డ వెండిని చింతపండుతోనో విభూదితోనో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటు. పూజ సామాన్లకు అది శుభ్రత. నాణేనికి మాత్రం నష్టం, ఎందుకంటే ప్రతి రుద్దుడుకూ అక్షరం కొంత అరుగుతుంది. కరిగించి పట్టీలు చేయిస్తే సాక్షి నోరు శాశ్వతంగా మూసుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నిజామాబాద్ జిల్లా తండాల్లో లంబాడా స్త్రీలు వెండి రూపాయలకు కొక్కేలు అతికించి నగల్లో, దుస్తుల్లో కుట్టుకున్నారు. సేకర్తల బజారులో అలాంటి నాణెం దెబ్బతిన్న సరుకు కింద లెక్క. నా దృష్టిలో ఆ కొక్కెం మచ్చ కాదు, ఆ నాణెం గడిపిన రెండో జన్మకు గుర్తు. టంకశాల దానికి ఒక అర్థం ఇస్తే తండా మరో అర్థం ఇచ్చింది. ధర పెరుగుతుందని ఆ కొక్కేన్ని ఊడదీసి, అతుకు గీకి, కొత్తదానిలా అమ్మేవాడే అసలు చెరిపేవాడు. నిజమైన కాపరి తనకు అందిన రూపాన్ని గౌరవిస్తాడు, తనకు నచ్చిన రూపాన్ని దాని మీద రుద్దడు.

మూడో షరతు అప్పగింత. ఎక్కడ దొరికింది, ఎవరింటి నుంచి వచ్చింది అన్న వివరం లేని నాణెం సగం మూగది. పొలం దున్నుతుంటే బయటపడ్డ కుండెడు నాణేలను పది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి పిడికెడు వెండి దక్కుతుంది గానీ, అవన్నీ ఎందుకు ఒకచోట చేరాయన్న ప్రశ్నకు జవాబు పోతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన నాణేలను అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని నిషేధించింది. వీటిని సర్కారు పెత్తనం అనుకునేవాళ్లున్నారు. నిజానికి ఇవి ధర్మం చాలాకాలంగా చెబుతున్నదాన్ని చట్టం భాషలో చెప్పాయి: కొన్ని వస్తువులకు మనం యజమానులం కాదు, మన వంతు వచ్చినప్పుడు కాపలా కాసేవాళ్లం. గాంధీజీ సంపన్నులకు చెప్పిన ధర్మకర్తృత్వం ఇక్కడ సేకర్తకూ వర్తిస్తుంది. జైనం గృహస్థుకు విధించిన పరిగ్రహ పరిమాణ వ్రతం కూడా ఇదే దారి చూపుతుంది. అన్నీ వదలలేనివాడు కనీసం హద్దు గీసుకోవాలి. ఒక టంకశాలనో, ఒక రాజు కాలాన్నో, ఒక రకాన్నో ఎంచుకుని అక్కడ ఆగే సేకర్త తెలిసో తెలియకో ఆ వ్రతాన్నే పాటిస్తున్నాడు. కనబడ్డదల్లా కొనేవాడికి హద్దు లేదు, కాబట్టి వ్రతమూ లేదు.

దీనికి గట్టి ఆక్షేపణ బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం నుంచే వస్తుంది. భిక్షువు వెండి బంగారాలు తాకకూడదు. ఒకవేళ తీసుకుంటే సంఘం ముందు వదిలేయాలి. దాన్ని పారేయడానికి నియమించిన భిక్షువు ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోకుండా విసిరేయాలి. సేకర్త చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం, అతను ప్రతి నాణెం ఎక్కడిదో రాసి పెట్టుకుంటాడు. ఆక్షేపణ బలమైనదే, కానీ అది ఎవరికి చెప్పిన నియమమో గమనించాలి. లోకవ్యవహారం నుంచి తప్పుకున్నవాడికి ఆ జ్ఞాపకం ముప్పు. వ్యవహారంలోనే బతికే గృహస్థుకు అది బాధ్యత, ఎందుకంటే లోకం మరిచిపోతే మోసం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇక రెండో ఆక్షేపణ: మనసు అంటకుండా ఉంటే చాలంటే ప్రతి లోభీ ఆ మాటే అంటాడు కదా? అంటాడు. అందుకే నేను మనసును సాక్ష్యంగా తీసుకోలేదు. చదివాడా, చెరపకుండా ఉంచాడా, వివరం రాసి అందుబాటులో పెట్టాడా అన్న మూడూ ఎదుటివాళ్లు చూసి తేల్చగలిగినవి. భరతుడి నిర్లిప్తతను మనం కొలవలేం, సేకర్త రాసిన చీటీని చదవగలం.

మూడో ఆక్షేపణ ఈ గడ్డ మీద నొప్పితో పుట్టింది. ఈ సిక్కాలతోనే రైతు శిస్తు కట్టాడు, వెట్టికి మాత్రం అదీ అందలేదు. ఈ నాణేల మీద పేరున్న పాలనే 1948లో కవి దాశరథిని ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైల్లో పెట్టింది. అలాంటి పాలన ముద్రను అపురూపంగా దాచడం దాన్ని మెచ్చుకోవడం కాదా? కాదు. ఖిల్లా జైలును కూల్చకుండా ఉంచుకున్నంత మాత్రాన మనం జైలరును మెచ్చుకున్నట్టు కాదు. అక్కడ నిలబడితేనే కవి ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. ఒక పాలన ఇచ్చిన మాటకూ తప్పిన మాటకూ ఒకే నాణెం ఆధారం. దాన్ని కరిగించేస్తే పొగిడేవాడికీ తిట్టేవాడికీ చేతిలో రుజువు మిగలదు, గొంతు పెద్దదైనవాడి మాటే చెల్లుతుంది.

కాబట్టి తీర్పు ఇది. తులాల లెక్కన వెండి అని దాచిన సంచెడు రూపాయలు పరిగ్రహం. చదివి, చెరపక, వివరంతో అప్పగించడానికి ఉంచిన ఒక్క రూపాయి ధర్మం. ఇందూరు, బోధన్, ఆర్మూర్ ఇళ్లలో ఇలాంటి రూపాయలు ఉన్నవారికి ఒక మనవి. వెండి ధర పెరిగిందని కంసాలి కొలిమికి పంపే ముందు ద్వారంలోని అక్షరం చూడండి, హిజ్రీ సంవత్సరం ఎంతో తెలిసినవారితో చదివించండి. అది మీ ఇంటికి ఎవరి ద్వారా ఎలా వచ్చిందో పెద్దలు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి దానితో కలిపి ఉంచండి. పూజలో పెట్టుకోండి, తోమకండి. అమ్మక తప్పకపోతే ఆ కాగితంతో సహా అమ్మండి.